పేటకు అవ్వ చెప్పిన అర్థం

పోయిన నెల గుడియాత్తం నుంచి ఒక పెళ్లిపత్రిక వచ్చింది. పెళ్లికూతురు నా దగ్గర రెండో తరగతి చదివిన పిల్లే. పేరు చూడగానే ముందుపళ్లు ఊడిన ముఖం కళ్లముందు నిలిచింది. అడ్రసు మాత్రం ఎంతకీ అంతుపట్టలేదు. ఏదో నగర్ అని ఉంది. ఆరేళ్లు ఆ ఊళ్లో తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, సందు సందూ తిరిగినదాన్ని, నాకు తెలియని నగర్ ఎక్కడ పుట్టిందబ్బా అనుకున్నాను. చివర్లో చిన్న అక్షరాల్లో "పాత రైస్‌మిల్లు వెనక" అని ఉండటం చూశాక గాని తెలిసిరాలేదు. అది నేను అద్దెకున్న మా పేటే!

ఈ సంగతి తెలిస్తే అతుకుల అవ్వ ఊరుకునేదా? బూడిద చేతులు నడుం మీద పెట్టుకుని, "ఏమి టీచరమ్మా, పేటను యాడ పారేసుకున్నారు మీరంతా?" అని నన్నే నిలదీసేది. నేను ఆ ఊరు వదిలి వేలూరు వచ్చి చాలా ఏళ్లయింది. అవ్వ పోయి కూడా చాలా ఏళ్లయింది. అయినా ఆ పత్రిక చేతిలో పట్టుకుని, ఆమెకు ఏమని జవాబు చెప్పాలా అని నిజంగానే కాసేపు ఆలోచించాను.

అవ్వ పని అతకడం. మగ్గం మీద ఒక పడుగు అయిపోవచ్చినప్పుడు మిగిలిన పోగులను తెంచి పారేయరు. మూరెడు తోక ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా దానికి అతుకుతారు. అలా చేయకపోతే వేల పోగులను మళ్లీ మొదటి నుంచి మగ్గం అచ్చు పళ్ల సందుల్లో దూర్చుకోవాలి, ఎవరి తరమది? అవ్వ పక్కన చిన్న తగరపు డబ్బా, అందులో జల్లించిన బూడిద. బొటనవేలికి, చూపుడువేలికి బూడిద అద్దుకుని, పాత పోగునూ కొత్త పోగునూ కలిపి ఒక్క మెలి తిప్పేది. అంతే, రెండూ ఒకటైపోయేవి. ఎక్కడ కలిసిందో చెప్పమంటే మగ్గం సొంతదారుడు కూడా చెప్పలేడు. కళ్లు మాత్రం పని మీద ఉండేవి కావు. వీధిలో ఎవరు పోతున్నారు, వాళ్ల చేతిసంచిలో ఏముంది, నిన్న ఎవరింట్లో ఎందుకు గొడవైంది, ఇవన్నీ చూసుకోవడానికే ఆ కళ్లు.

మాటలు కూడా అతికేది అవ్వ. సోమవారం నాడు ఒక మాట సగంలో వదిలేసి లేచిపోయేది. గురువారం నాడు వాకిట్లోకి వస్తూనే, ముందూ వెనకా ఏమీ లేకుండా, "అందుకే వాడు ఆ పిల్లను చేసుకోలేదు, తెలిసిందా?" అనేది. ఎవడు, ఏ పిల్ల అని మనం తలపట్టుకోవాలి. సోమవారం మాట గుర్తు లేదంటే కోపం వచ్చేది. "మాట తోక పట్టుకోని ఉండొద్దా? ఇట్లయితే పిలకాయలకు పాఠం ఎట్ల చెప్తావమ్మా నువ్వు?" అని తిట్టేది. నేను కాఫీ పోసేదాన్ని. అదీ నా గ్లాసులో కాదు, ఆమె కొంగున కట్టుకొచ్చే సొంత ఇత్తడి గ్లాసులో. నా స్టీలు గ్లాసుల్లో కాఫీ "ఆస్పత్రి వాసన" వస్తుందట!

ఒక సాయంత్రం అలాగే వచ్చి గడప మీద కూర్చుంది.

"టీచరమ్మా, మాటలకంతా అర్థం రాసిండే లావు పుస్తకం ఒకటి నీ దగ్గర ఉండాదంటనే?"

"ఉంది అవ్వా. ఏ మాట కావాలి?"

"పేట."

నాకు నవ్వొచ్చింది. "పేటలో ఉంటూ పేటకు అర్థం అడుగుతావేంటి?"

"ఉండేదానికే కదమ్మా కావాల. లేనోళ్లకు ఎందుకు?"

ఆ పేటలో అందరూ తెలుగే మాట్లాడతారు. తెలుగు అక్షరం చదవగలిగిన పెద్దవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్క. అందుకే నా నిఘంటువు అంటే అక్కడ పంచాంగానికి ఉన్నంత మర్యాద. తీసి చదివాను. ఊరిలో ఒక భాగం. కోటకు ఆనుకుని వెలుపల ఏర్పడిన ఊరు. అంగళ్లు ఉండే చోటు. హారంలో ఒక వరుస.

"ఆ కడాది విడు, నగల సంగతి మనకెందుకు," అంది అవ్వ. "ఇంతేనా? పేటలో ఎవరుండొచ్చో రాయలేదా?"

"అలాంటివి నిఘంటువులో రాయరవ్వా."

"మరి అంత లావెందుకమ్మా అది?"

చూపించమని పేజీ మీద వేలు పెట్టి, తనకు రాని ఆ అక్షరాలను కాసేపు తడిమింది. బూడిద ముద్ర పడింది. తుడవబోతే ఇంకా మసకబారింది. ఆ రోజు నాకు చికాకు వేసింది కూడా, ఎందుకు దాచాలి?

అవ్వ ఊరికే అడగలేదని తర్వాత తెలిసింది. అవి ఊళ్లన్నిటికీ నగర్ పిచ్చి పట్టిన రోజులు. మెయిన్ రోడ్డు మీద ఎస్‌టీడీ బూతులు, ఇంటి మీద ఇంటికి కేబుల్ వైర్లు, సగం ఇళ్లలో మగ్గం పీకి కరెంటు మగ్గాల మాటలు. పేట మధ్యలో పడుగులు పరిచే పొడవాటి బయలు ఉండేది, పావడి అనేవాళ్లు. పొద్దున వీధి వీధంతా వచ్చి ఈ కొసనుంచి ఆ కొసకు పడుగు లాగి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వేవాళ్లు. గంజి మిల్లు వచ్చాక అక్కడ మేకలు తప్ప ఎవరూ లేరు. దాన్ని ఇళ్ల స్థలాలుగా పంచుకుందామని, ముందర ఆర్చి కట్టి ఏదో నగర్ అని పేరు పెడదామని పేటవాళ్లు తీర్మానించుకున్నారు.

ఆ పావడి తూర్పు కొసనే అవ్వ గుడిసె. మొగుడు పోయాక పేర్ణాంబట్టు నుంచి ఒక మూటతో వచ్చిందట, అతుకు పని తెలుసంటే అప్పటి పెద్దలు ఆ కొసన ఉండమన్నారట. అంతకుమించి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు ఆ గుడిసె తీసేస్తే ఆమెకు మిగిలింది పేర్ణాంబట్టులో తోళ్ల షెడ్డు పక్కన మరిది కొడుకింట్లో ఒక వసారా. "ఆ వాసనకు నా ముక్కు సచ్చిపోతాది. అతికేదానికి ఆడ మగ్గం యాడుంది?" అనేది.

భజనగుడి అరుగు మీద కూటం జరిగింది. పేట పెద్ద ఒకాయన ఉండేవాడు, గుబురు మీసాలు, కరుకు గొంతు. అవ్వకూ ఆయనకూ రోజూ జగడమే. ఆయన నన్ను పిలిపించి పావడి పొడవు చెప్పి, "ఇరవై అడుగుల లెక్కన వరసకు ఇరవై రెండు జాగాలు, రెండు వరసలు. సరిపోతాదా లెక్కేసి చెప్పమ్మా," అన్నాడు. నేను కాగితం మీద వేసి, అందరికీ వినబడేలా, "సరిగ్గా సరిపోతుంది. అడుగు కూడా మిగలదు," అన్నాను. లెక్క కుదిరినందుకు మహా సంబరంగా చెప్పాను. అప్పుడు గాని అవ్వ వైపు చూడలేదు. నా నోటితోనే ఆమె గుడిసె తీసేశానని అప్పుడు తెలిసింది.

"అట్లయితే నేను యాడుండాల?" అంది అవ్వ.

"అక్కా, పేటలో పుట్టిన ఇండ్లు నలభై నాలుగు. నీకొకటి ఇస్తే రేపు నూలుబండోడు అడుగుతాడు, అద్దెకుండే టీచరమ్మ అడుగుతాది. ఎవరెవరికి ఇచ్చేది?"

నన్నెందుకు మధ్యలోకి లాగాడో! అవ్వ ఇత్తడి గ్లాసు కొంగున కట్టుకుని లేచిపోయింది.

అప్పటినుంచి ఎవరు కనబడినా ఇదే ప్రశ్న, పేటంటే ఏంది? తమిళ అయ్యవారిని అడిగింది. ఆయన కూడా కోట, అంగడి అనే చెప్పాడు. కంటిపొర చూపించడానికి నేను ఆమెను వేలూరు తీసుకెళ్తుంటే బస్సులో కండక్టరును పట్టుకుంది. "జోలార్పేట బస్సులో పోతావు కదా నాయనా, ఆ పేట ఎవురు పెట్టినారు?" అంది. అతను, "పాట్టీ, టికెట్ వాంగు ముదల్ల," అన్నాడు, ముందు టికెట్టు తీసుకోమని. బస్సంతా నవ్వింది, అవ్వ కూడా నవ్వింది.

వేలూరులో కోట పక్కగా నడుస్తూ, అగడ్త గోడ పట్టుకుని నిలబడింది.

"ఇది కోటా?"

"ఆ."

"దీని బయటుండేది పేట. అంతేగదమ్మా నీ పుస్తకంలో?"

"అంతే."

"రాజులు, సిపాయిలు లోపల ఉన్నారు. మనల్ని బయట ఉండమన్నారు, సరే. బయటోళ్లు పెట్టుకున్న ఊర్లో మళ్లా బయటోళ్లు ఎవురమ్మా?"

ఎండ ఎక్కువగా ఉందని చెప్పి ఆస్పత్రి వైపు నడిపించాను. పిరికితనం, ఇంకేం పేరు పెట్టను?

మంచు కురిసే ధనుర్మాసంలో, వాళ్ల మాటలో మార్గళి నెలలో, కొలతలు పెట్టుకున్నారు. ఇనుప టేపు వద్దన్నాడు పేట పెద్ద. "మా తాతలకు ఈ చోటు దారంతో కొలిచి ఇచ్చినారు. దారంతోనే పంచుకుంటాం," అన్నాడు. అది వాళ్ల ఆచారమట. ముందురోజు మధ్యాహ్నం పడుగు నూలును పేటగా పేని, నా టేపు పెట్టి సరిగ్గా ఇరవై అడుగులకు నా ఎదుటే కోశారు. దాన్ని ఇంట్లో పెట్టుకోకుండా, పావడి కొసన రాతికంబానికి చుట్టి వదిలేసి వెళ్లాడాయన. మరిచిపోయాడనుకున్నాను.

మర్నాడు ఆదివారం. తెల్లవారకముందే అందరినీ లేపేశాడు. ఇంటికొకరు చొప్పున నలభై నాలుగు ఇళ్లవాళ్లూ తలకు తువ్వాళ్లు చుట్టుకుని వచ్చారు. మంచు ఎంత దట్టంగా ఉందంటే అవతలి వరసలో మనుషులు కనబడటం లేదు, దగ్గులు వినబడుతున్నాయి. గడ్డి మీద కాలు పెడితే పాదం తడిసిపోతోంది. పేట పెద్ద ఒక కొస, ఆయన తమ్ముడు ఒక కొస పట్టుకుని దారం లాగారు. లాగిన చోటల్లా మేకు దిగింది. కూటంలో అంగుళానికి ఒకరిమీద ఒకరు అరుచుకున్న వాళ్లు, ఆ రోజు మేకులు దిగుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డారు. అవ్వ గుడిసె గుమ్మంలో కూర్చుని ఉంది. మూట కట్టి పక్కన పెట్టుకుంది.

ఇరవై రెండో మేకు దిగేటప్పటికి పొద్దు పొడిచింది. చూస్తే గుడిసె ముందు మేకులు ఆగిపోయాయి. రెండు వరసల కొసనా పద్నాలుగు పదిహేను అడుగుల చోటు మిగిలిపోయింది.

"ఇది మిగిలింది," అన్నాడు పేట పెద్ద, ఎవరితోనో అన్నట్టు. "ఎవరి వంతులోకీ రాదు. అట్లనే పడుంటాది."

లెక్క వేసింది నేను. అడుగు కూడా మిగలదని అందరిముందూ చెప్పింది నేను. చదువుకున్నదాన్ని కదా, ఊరుకుంటానా?

"పెద్దాయనా, కొలత తప్పింది! ఇంత మిగలడానికి వీల్లేదు. ఇంటికి వెళ్లి టేపు తెస్తాను, మళ్లీ కొలుద్దాం."

అంతమందీ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. పేట పెద్ద మీసం తుడుచుకుని, "టీచరమ్మా, నీకు బడికి పొద్దుపోలేదా?" అన్నాడు.

"ఈరోజు ఆదివారం కదండీ."

ఎవరో వెనక కిసుక్కుమన్నారు. అంతలో నా మణికట్టు మీద గట్టి పట్టు పడింది. అవ్వ! నన్ను బరబరా గుడిసెలోకి లాక్కెళ్లి తలుపు తడిక వేసింది.

"నీ నోట్లో మన్ను పడ! నోరు మూసుకోని ఉండలేవా?"

"అది కాదవ్వా, లెక్క..."

"లెక్కంట లెక్క! మంచులో దారం ఏమైతాదమ్మా?"

"ఏమవుతుంది?"

"తడిస్తే బిగుసుకుంటాది. బిగుసుకుంటే పొట్టిదైతాది. మంచు ఇడిసేదానికి ముందర పడుగు పరిస్తే కాళ్లిరగ్గొడతానని ముప్పై ఏండ్లుగా అరిసేది ఎవురు? వాడే కదా, ఆ మీసాలోడే! రాత్రంతా దారాన్ని మంచులో ఏలాడేసి, చీకటితో లేపి కొలిపించినాడే, వానికి తెలవకనా?"

అప్పుడు గాని నా బుర్రకు ఎక్కలేదు. ఆయనకు తెలుసు. ఆయన తమ్ముడికి తెలుసు. పుట్టినప్పటినుంచి నూలు తప్ప ఇంకోటి ఎరగని వాళ్లు, మేకు దిగిన ప్రతిసారీ తమ చోటు కాస్త తరిగిపోతోందని చూస్తూ నిలబడ్డ ఆ తువ్వాళ్ల వాళ్లందరికీ తెలుసు. ఇవ్వకూడదని కట్టడి చేసుకున్నారు కాబట్టి ఎవరూ ఇవ్వలేదు. కొలత తప్పింది, అంతే. పేటలో ఆ సంగతి తెలియని మనిషి ఒక్కతే, నిఘంటువు ఉన్న టీచరు. సిగ్గుతో నేల చీలిపోతే బాగుండుననిపించింది.

అవ్వ మూట ముడి విప్పుతోంది. వేల పోగులు మెలిపెట్టిన వేళ్లకు ఆ ఒక్క ముడి ఎంతకీ రాలేదు.

"నలభై నాలుగు ఇండ్లోళ్లమ్మా," అంది. "ఒక్కొక్కడూ జానెడు జానెడు..."

అక్కడితో ఆగిపోయింది. చెంపల మీద కన్నీళ్లు తుడుచుకుంటే బూడిద అంటుకుంది. సగంలో వదిలిన ఏ మాటనైనా నాలుగు రోజులకో వారానికో వచ్చి అతికే మనిషి, ఆ మాటను మాత్రం ఎప్పుడూ తిరిగొచ్చి అతకలేదు. నేను దాని తోక పట్టుకునే ఉన్నాను, ఇప్పటికీ.

ఆ మధ్యాహ్నమే పేట పెద్దతో ఆమెకు మళ్లీ జగడమైంది. మేకులు కొట్టేటప్పుడు తన తులసి కోట పగలగొట్టారని ఆమె, కళ్లు కనబడని ముసల్దానికి తులసి ఎందుకని ఆయన. ఆ మిగిలిన చోటు గురించి ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకోగా నేను వినలేదు. ఆర్చి కట్టారు, ఇళ్లు లేచాయి. ఆర్చి మీద ఏ పేరు రాయాలో మాత్రం నేనున్నన్నాళ్లూ తేలలేదు. మగ్గాలు తగ్గిపోయినా, ఉన్న నాలుగింటికీ అతకడానికి అవ్వే వెళ్లేది.

కొన్నాళ్లకు నా గడప మీద కూర్చుని, కాఫీ గ్లాసు ఊదుకుంటూ, "లావు పుస్తకం తీ టీచరమ్మా. రాసుకో," అంది.

"ఏమని?"

"పేటంటే మూట దించుకునే చోటు."

ఆ పేజీ తీసి, బూడిద ముద్ర పక్కన పెన్సిలుతో రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. "ఆమా. ఇప్పుడు సరిపోయింది," అని గ్లాసు కడిగి కొంగున కట్టుకుంది. నాకు వేలూరు బదిలీ అయ్యాక రెండేళ్లకో ఏమో, అవ్వ పోయిందని ఎవరో చెప్పారు. బస్సెక్కితే గంట ప్రయాణం. ఆ రోజు నేను పోలేదు. బడిలో పరీక్షలని చెప్పుకున్నాను.

అందుకే ఈ పెళ్లికి తప్పకుండా వెళ్లాను. ఆర్చి దాటి లోపలికి నడిస్తే అన్నీ రెండంతస్తుల మేడలు, గ్రానైట్ మెట్లు. ఎవరింటికి వెళ్లాలో కూడా తెలియలేదు. పేట పెద్ద ఎప్పుడో పోయాడట. అలాగే తూర్పు కొసదాకా పోయాను. గుడిసె లేదు. చోటు మాత్రం అలాగే ఉంది. రెండు వైపులా మేడలు లేచిన చోట, ఆ పదిహేను అడుగులు మాత్రం ఎవరూ ఇటుక పెట్టకుండా వదిలేశారు. అందులో ఒక ఇస్త్రీ బండి, పైన రేకు నీడ. ముప్పై ఏళ్ల మనిషి బొగ్గులు విసురుకుంటున్నాడు.

"ఈ చోటు ఎవరిది నాయనా?"

"తెలీదక్కా. మాది జోలార్పేట. వచ్చి ఆరు నెలలైంది. బండి యాడ పెట్టుకునేదని ఈ ఇండ్లోళ్లను అడిగితే, పోయి పేటలో పెట్టుకోమన్నారు."

"ఇదంతా పేటే కదా?"

"లేదక్కా," అన్నాడు ఇస్త్రీ పెట్టె ఎత్తి, మేడల వైపు చూపిస్తూ. "అదంతా నగర్. పేటంటే ఈ జాగా ఒకటే."

నేను కదలకుండా నిలబడి ఉండటం చూసి, ముక్కాలిపీట మీద దుమ్ము తుడిచి ముందుకు జరిపాడు.

"కూసోక్కా. ఎండగా ఉండాది."

చేతిలో సంచి దించి కూర్చున్నాను.